నొక్కే క్షణంలోనే తనిఖీ: ఈ-మెయిల్ లింకుల మోసాల నుంచి రక్షణ

ఒక చిన్న సేవాసంస్థలో లెక్కలు చూసే పెద్దాయన నాకు చాలా ఏళ్లుగా తెలుసు. విశ్రాంత ఉపాధ్యాయుడు. రసీదు పుస్తకంలో పది రూపాయల తేడా వచ్చినా దాన్ని తేల్చేదాకా నిద్రపోని మనిషి. ఒకనాటి రాత్రి పది గంటల వేళ సంస్థ ఈ-మెయిల్‌కు ఒక సందేశం వచ్చింది. “మీ మెయిల్ బాక్సు నిండిపోయింది. 24 గంటల్లోగా వివరాలు ధ్రువీకరించకపోతే కొత్త మెయిల్స్ రావు” అని దాని సారాంశం. కింద నీలిరంగు అక్షరాల్లో ఒక లింకు.

ఆయన తొందరపడలేదు. ఇంజనీరింగ్ చదువుతున్న మేనల్లుణ్ణి పిలిచి చూపించారు. కుర్రాడు లింకు తెరిచాడు. తెల్లటి పేజీ మీద “ఈ పేజీ తయారవుతోంది” అన్న ఒక్క వాక్యం కనిపించింది. కంప్యూటర్‌లోని యాంటీవైరస్ ఏ హెచ్చరికా చేయలేదు. “ఇందులో ప్రమాదమేమీ లేదు మామూ, పొద్దున మళ్లీ చూడండి” అని చెప్పి వెళ్లిపోయాడు.

పొద్దున ఆయన అదే మెయిల్ తెరిచి, అదే లింకు నొక్కారు. ఈసారి రోజూ చూసే మెయిల్ లాగిన్ పేజీ లాంటిదే కనిపించింది. పాస్‌వర్డ్ టైపు చేశారు. పేజీ ఒక్కసారి మారి, అసలు మెయిల్ బాక్సులోకే తీసుకుపోయింది. పని అయిపోయిందనుకున్నారు. మధ్యాహ్నానికి దాతల్లో ఒకరు గల్ఫ్ నుంచి ఫోన్ చేశారు. “భాయ్‌సాబ్, సంస్థ బ్యాంకు అకౌంటు మారిందని మెయిల్ పంపారు కదా! మీ గొంతు ఒకసారి విన్నాకే డబ్బు పంపుదామని ఫోన్ చేశాను.” పెద్దాయనకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఆయన అలాంటి మెయిల్ ఎవరికీ పంపలేదు.

ఆ ఒక్క ఫోన్ కాల్ వల్ల ఆ రోజు దాతల సొమ్ము దక్కింది. మరి తప్పెక్కడ జరిగింది? ఆయన నిర్లక్ష్యం చేయలేదు, తెలిసినవాణ్ణి అడిగారు. కుర్రాడు కూడా చూసే చెప్పాడు. అయితే చూడటం రాత్రి జరిగింది, నొక్కడం పొద్దున జరిగింది. ఆ మధ్యలో లింకు వెనుక ఉన్న పేజీ మారిపోయింది. ఈ వ్యాసంలో మనం నేర్చుకోవలసిన ముఖ్యమైన పాఠం ఇదే. లింకు మంచిదా చెడ్డదా అన్నది నొక్కే క్షణంలో తేలాలి. మెయిల్ వచ్చిన క్షణంలో చేసిన తనిఖీ ఒక్కటే చాలదు.

పార్సిల్ వేరు, విలాసం వేరు

ఈ-మెయిల్‌లో ప్రమాదం రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి అటాచ్‌మెంటు, అంటే మెయిల్‌తో పాటు వచ్చే ఫైలు. రెండోది లింకు. అటాచ్‌మెంటు మన గుమ్మంలోకి వచ్చిన పార్సిల్ లాంటిది. దాన్ని అక్కడే విప్పి, లోపల ఏముందో చూసి, చెడ్డదైతే పారేయవచ్చు. లోపలి వస్తువు ఆ తర్వాత దానంతట అది మారదు.

లింకు అలా కాదు. అది ఎవరో మన చేతికిచ్చిన ఒక విలాసం మాత్రమే. ఆ విలాసంలోని ఇంట్లో ఈ రోజు ఎవరూ ఉండకపోవచ్చు, రేపు దొంగ కాపురం పెట్టవచ్చు. కాగితం మీది విలాసంలో ఒక్క అక్షరం మారదు. మారేది ఇంట్లో ఉండే మనిషి. మోసగాళ్లు దీన్నే వాడుకుంటారు. మెయిల్ పంపే సమయానికి లింకు వెనుక ఖాళీ పేజీనో, ఏదో మామూలు సమాచారమో ఉంచుతారు. మెయిల్ సర్వర్ తనిఖీ చేసి “ఇది శుభ్రంగానే ఉంది” అని లోపలికి వదులుతుంది. మనం మెయిల్ చూసే వేళకు ఆ పేజీ స్థానంలో దొంగ లాగిన్ పేజీ పెడతారు. సంస్థల ఆఫీసుల్లో ఎవరూ లేని రాత్రివేళ మెయిల్ పంపి, పొద్దున పని మొదలయ్యేసరికి పేజీ మార్చేయడం వారి పాత ఎత్తుగడ.

జాబితాల కాలం

ఈ మోసాన్ని ‘ఫిషింగ్’ అంటారు. గాలం వేసి చేపను పట్టడం అన్న అర్థం నుంచి వచ్చిన మాట. దీన్ని ఎదుర్కోవడానికి మొదట వచ్చిన ఉపాయం జాబితా. చెడ్డ చిరునామాలన్నింటినీ ఒకచోట రాసుకోవడం, మనం తెరవబోయే చిరునామా అందులో ఉంటే ఆపడం. 2006 అక్టోబరులో ఓపెన్‌డీఎన్‌ఎస్ అనే సంస్థ ‘ఫిష్‌ట్యాంక్’ పేరుతో ఇలాంటి జాబితాను ప్రజల సాయంతో మొదలుపెట్టింది. ఎవరికైనా అనుమానపు లింకు వస్తే అక్కడ నమోదు చేస్తారు, ఇతరులు చూసి అది మోసమో కాదో ఓటు వేస్తారు. ఆ రోజుల్లోనే గూగుల్ ‘సేఫ్ బ్రౌజింగ్’ అనే సేవను తెచ్చింది. మనం వాడే బ్రౌజర్లు చాలావరకు ఇలాంటి జాబితాల మీదే ఆధారపడుతూ వచ్చాయి.

జాబితా మంచిదే. దాని బలహీనత ఆలస్యం. మన ఫోనులోని, కంప్యూటర్‌లోని జాబితా కొంత సేపటికొకసారి కొత్తదవుతుంది. క్రోమ్ బ్రౌజర్‌లో ఇది 30 నుంచి 60 నిమిషాలకొకసారి జరిగేది. అయితే ప్రమాదకరమైన సైట్లు సగటున 10 నిమిషాలు కూడా బతకవని 2024 మార్చిలో గూగుల్ స్వయంగా చెప్పింది. పది నిమిషాల్లో పని ముగించుకుని పోయే దొంగ పేరు అరగంట తర్వాత జాబితాలో చేరితే ఏం లాభం? దొంగ ఊరు దాటాక పోలీస్ స్టేషన్‌లో అతని ఫోటో అంటించినట్టు ఉంటుంది. అందుకే అదే నెలలో గూగుల్ క్రోమ్‌లో పద్ధతి మార్చింది. మనం సైటు తెరిచే క్షణంలోనే సర్వర్ దగ్గరున్న తాజా జాబితాతో పోల్చి చూసే ఏర్పాటు చేసింది. దీనివల్ల ఫిషింగ్ సైట్లను 25 శాతం ఎక్కువగా ఆపగలమని అంచనా వేసింది.

నొక్కిన క్షణంలో ఏం జరుగుతుంది?

ఈ-మెయిల్‌లో తక్షణ తనిఖీ పనిచేసే తీరును తెలుసుకుందాం. 2015లో మైక్రోసాఫ్ట్ తన సంస్థాగత మెయిల్ సేవలో ‘సేఫ్ లింక్స్’ అనే ఏర్పాటు తెచ్చింది. అనేక భద్రతా సంస్థల సేవల్లోనూ ఈ పద్ధతి కనిపిస్తుంది. దాని నడక ఇలా ఉంటుంది.

మెయిల్ మన బాక్సుకు చేరేముందే సర్వర్ అందులోని లింకులను గుర్తిస్తుంది. ఒక్కో లింకునూ తిరగరాసి, ముందు తన దగ్గరికి వచ్చేలా మారుస్తుంది. అసలు చిరునామా ఆ కొత్త లింకులోనే దాగి ఉంటుంది. మనం నొక్కగానే నేరుగా ఆ సైటుకు వెళ్లం, ముందు తనిఖీ కేంద్రానికి వెళతాం. ఊరి పొలిమేరలో చెక్‌పోస్టు పెట్టినట్టన్నమాట. అక్కడ ఆ క్షణంలో ఆ చిరునామా గురించి తెలిసిన సమాచారమంతా చూస్తారు. మంచిదైతే దారి వదులుతారు. మనకు ఒక్క రెప్పపాటు ఆలస్యం తప్ప ఏమీ తెలియదు. చెడ్డదైతే హెచ్చరిక పేజీ వస్తుంది. నిన్న మంచిదని వదిలిన లింకే ఈ రోజు చెడ్డదని తేలితే ఈ రోజు ఆగిపోతుంది. పెద్దాయన మెయిల్‌కు ఇలాంటి చెక్‌పోస్టు ఉండి ఉంటే, రాత్రి ఖాళీగా కనిపించిన పేజీని పొద్దున మరోసారి పరీక్షించేది.

ఆ చెక్‌పోస్టులో ఏమేమి చూస్తారు? మొదట తెలిసిన చెడ్డ చిరునామాల జాబితా. తర్వాత ఆ డొమైన్ వయసు. ఒక బ్యాంకు పేరు చెప్పుకునే సైటు మొన్ననే రిజిస్టరు అయిందంటే అనుమానించాల్సిందే. లింకు ఎన్ని మలుపులు తిరిగి ఎక్కడికి చేరుతోందో చూస్తారు. పేజీలో పాస్‌వర్డ్ అడిగే పెట్టె ఉందా, అందులో రాసింది ఏ సర్వర్‌కు పోతోంది, పేజీ రూపం ఏదైనా పేరున్న సంస్థ పేజీని పోలి ఉండి చిరునామా మాత్రం వేరేగా ఉందా అని పరిశీలిస్తారు. అనుమానం తీరకపోతే, మిగతా వ్యవస్థతో సంబంధం లేకుండా విడిగా ఉంచిన ఒక కంప్యూటర్‌లో ఆ పేజీని తెరిచి దాని నడవడి చూస్తారు. అక్కడ పేలినా మనకు నష్టం లేదు.

మనం తెరిచే ప్రతి సైటూ ఇంకొకరికి తెలిసిపోతుందా అన్న సందేహం చాలామందికి వస్తుంది. సమంజసమైన సందేహమే. క్రోమ్ మామూలు రక్షణలో దీనికి ఒక ఉపాయం ఉంది. బ్రౌజర్ చిరునామాను లెక్క కట్టి ఒక పెద్ద సంకేత సంఖ్యగా మారుస్తుంది. ఆ సంఖ్య మొదటి భాగాన్ని మాత్రమే సర్వర్‌కు పంపుతుంది. “ఇలా మొదలయ్యే చెడ్డ చిరునామాలు మీ దగ్గర ఏమున్నాయి?” అని అడుగుతుంది. వచ్చిన జవాబును మన దగ్గరే సరిపోల్చుకుంటుంది. పోస్టాఫీసుకు వెళ్లి పిన్‌కోడ్‌లో మొదటి మూడు అంకెలు చెప్పి, ఆ ప్రాంతపు జాబితా తెచ్చుకుని, మన ఊరి పేరు ఇంట్లో వెతుక్కున్నట్టు. పైగా ఆ ప్రశ్న మధ్యలో వేరే సంస్థ సర్వర్ మీదుగా వెళుతుంది కనుక అడిగింది ఎవరో గూగుల్‌కు తెలియదు. లింకులను తిరగరాసే మెయిల్ సేవల్లో మాత్రం పూర్తి చిరునామా ఆ సేవ చేతికి వెళుతుంది. ఈ తేడా సంస్థలు తెలుసుకుని ఎంచుకోవాలి.

ఒక మెయిల్, ఒక దేశం ఎన్నికలు

లింకును యంత్రం చూస్తుంది సరే, మనిషి కూడా చదవడం ఎందుకు నేర్చుకోవాలో చెప్పే ఉదంతం ఒకటి అమెరికాలో ఉంది. 2016లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన హిల్లరీ క్లింటన్ ప్రచార కమిటీ అధ్యక్షుడు జాన్ పొడెస్టాకు మార్చి 19న ఒక మెయిల్ వచ్చింది. గూగుల్ పంపినట్టే ఉంది. మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసింది, వెంటనే మార్చుకోండి అని అందులోని హెచ్చరిక. కింద ఒక బటన్. దాని వెనుక పొట్టి లింకు. ఆ పొట్టి లింకు వెనుక అసలు చిరునామా.

ఆయన సిబ్బంది కూడా మన పెద్దాయనలాగే తెలిసినవారిని అడిగారు. కంప్యూటర్ సహాయ విభాగంలోని ఉద్యోగి “ఇది అసలైన మెయిలే, వెంటనే పాస్‌వర్డ్ మార్చాలి” అని జవాబిచ్చి, గూగుల్ అసలు లింకును కూడా పంపాడు. ‘అసలైనది కాదు’ అని రాయబోయి పొరపాటున అలా రాశానని ఆ తర్వాత చెప్పుకున్నాడు. పనిలో నొక్కింది మాత్రం మోసపు మెయిల్‌లోని లింకునే. 50 వేలకు పైగా మెయిల్స్ దొంగల చేతికి చిక్కాయి. ఆ అక్టోబరు 7 నుంచి అవి వికీలీక్స్‌లో వరుసగా బయటపడ్డాయి. 2018 జూలైలో అమెరికా న్యాయశాఖ 12 మంది రష్యా సైనిక గూఢచార అధికారుల మీద అభియోగాలు మోపింది.

ఆ పొట్టి లింకు వెనుక ఉన్న చిరునామాను తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది: మైఅకౌంట్ డాట్ గూగుల్ డాట్ కామ్-సెక్యూరిటీసెట్టింగ్‌పేజ్ డాట్ టీకే. ఎడమ నుంచి చదివితే ‘గూగుల్ డాట్ కామ్’ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కానీ చిరునామాను చదవాల్సింది కుడి నుంచి.

ఉత్తరం మీద విలాసం ఎలా రాస్తాం? ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా. ఉత్తరం ఎక్కడికి పోవాలో తేల్చేది చివరి మాట. ఇంటికి ‘చార్మినార్’ అని పేరు పెట్టుకున్నంత మాత్రాన ఆ ఇల్లు హైదరాబాద్‌లో ఉన్నట్టు కాదు. వెబ్ చిరునామా కూడా అంతే. మొదటి ఏటవాలు గీతకు ముందున్న భాగంలో కుడివైపు చివరి రెండు ముక్కలే యజమాని ఎవరో చెబుతాయి. ‘కో డాట్ ఇన్’, ‘గవ్ డాట్ ఇన్’ వంటివి ఉంటే చివరి మూడు ముక్కలు చూడాలి. పైన చెప్పిన చిరునామాలో యజమాని ‘కామ్-సెక్యూరిటీసెట్టింగ్‌పేజ్ డాట్ టీకే’. టీకే అనేది పసిఫిక్ సముద్రంలోని టోకెలావ్ దీవుల కోడ్. ఆ రోజుల్లో దాని కింద పేర్లు ఉచితంగా దొరికేవి. గూగుల్ అన్న మాట అక్కడ ఇంటికి పెట్టుకున్న పేరు మాత్రమే.

కంటిని మోసగించే మరో పద్ధతి లిపి మార్పు. మన తెలుగు ‘గ’, ‘ర’ అక్షరాలు కన్నడంలోనూ దాదాపు అలాగే ఉంటాయి. ఒక పేరు మధ్యలో తెలుగు ‘ర’ తీసి కన్నడ ‘ర’ పెడితే మనం గమనించం, కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు అక్షరాలు. 2017 ఏప్రిల్‌లో ఒక పరిశోధకుడు ఇంగ్లీషు అక్షరాల్లాగే కనిపించే రష్యన్ లిపి అక్షరాలతో యాపిల్ సంస్థ పేరు లాంటి చిరునామాను సృష్టించి, కొన్ని బ్రౌజర్లలో అది అసలుదిలాగే కనబడుతుందని నిరూపించి చూపాడు. తర్వాత బ్రౌజర్లు దీన్ని సరిదిద్దుకున్నాయి. ఇలాంటి చోట మన కళ్ల కంటే యంత్రమే మెరుగు.

చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే సైటు మంచిదేనన్న నమ్మకం కూడా వదులుకోవాలి. మనకూ ఆ సైటుకూ మధ్య సమాచారం ఇతరులు చదవకుండా వెళుతుందని మాత్రమే ఆ తాళం చెబుతుంది. అవతల ఉన్నది దొంగ అయితే మన పాస్‌వర్డ్ దొంగకే భద్రంగా చేరుతుంది. ఈ అపోహ కారణంగానే 2023లో క్రోమ్ ఆ తాళం బొమ్మను తీసేసింది.

చెక్‌పోస్టు దాటిపోయేవి

తక్షణ తనిఖీ ఉందని నిశ్చింతగా ఉండకూడదు. దొంగలకు చెక్‌పోస్టు ఎక్కడుందో తెలుసు. తనిఖీ యంత్రం వచ్చినప్పుడు మంచి పేజీని, మనిషి వచ్చినప్పుడు చెడ్డ పేజీని చూపేవారున్నారు. “మీరు మనిషేనని నిరూపించండి” అనే పరీక్షను ముందు పెట్టి యంత్రాన్ని గుమ్మంలోనే ఆపేవారున్నారు. లింకును అక్షరాల్లో కాకుండా క్యూఆర్ కోడ్ బొమ్మగా పంపేవారున్నారు. కంప్యూటర్‌లో వచ్చిన మెయిల్‌లోని ఆ కోడ్‌ను మనం ఫోనుతో స్కాన్ చేస్తాం, ఆఫీసు కంప్యూటర్‌కున్న రక్షణ ఆ ఫోనుకు ఉండదు. పేరున్న సంస్థల ఉచిత ఫారాల సేవలోనే దొంగ ఫారం తయారుచేసి పంపేవారున్నారు. అక్కడ చిరునామా నిజంగానే పెద్ద సంస్థది, అడిగే మనిషి మాత్రం దొంగ.

ఈ ఏర్పాటుతో కొన్ని ఇబ్బందులూ ఉన్నాయి. తిరగరాసిన లింకు పొడవుగా, అర్థం కాకుండా ఉంటుంది. కుడి నుంచి చదవమని ఇందాక నేర్చుకున్న పాఠం అక్కడ పనిచేయదు. ఒక్కసారి మాత్రమే పనిచేసే లింకులను తనిఖీ యంత్రం ముందే తెరిచేస్తే, మనం నొక్కేసరికి గడువు ముగిసిందని రావచ్చు.

అన్నింటికంటే ముఖ్యమైన సంగతి మన కథలోనే ఉంది. దాతలకు వెళ్లిన “అకౌంటు మారింది” అన్న మెయిల్‌లో లింకే లేదు. అది సంస్థ అసలు చిరునామా నుంచే వెళ్లింది. అందులో ఏ యంత్రమూ పట్టుకోగల దోషం లేదు. దాన్ని పట్టుకున్నది ఒక మనిషి గొంతు వినాలనుకున్న ఇంకొక మనిషి. డబ్బు పంపే వివరాలు మారాయని మెయిల్ వస్తే, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు మాత్రం చేయకూడదు.

ఇంట్లో, ఆఫీసులో చేసుకోవలసిన ఏర్పాట్లు

మొదటిది బ్రౌజర్. క్రోమ్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, ఆ లోపల సెక్యూరిటీ తెరిస్తే సేఫ్ బ్రౌజింగ్ కనిపిస్తుంది. అది ఆఫ్‌లో ఉంటే వెంటనే ఆన్ చేయాలి. స్టాండర్డ్, ఎన్‌హాన్స్‌డ్ అని రెండు రకాల రక్షణ ఉంటుంది. రెండోది ఎక్కువ కాపాడుతుంది, దానికి బదులుగా మనం తెరిచే సైట్ల సమాచారం గూగుల్‌కు ఎక్కువ వెళుతుంది. డబ్బు వ్యవహారాలు చూసే కంప్యూటర్‌లో రెండోదాన్ని పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

రెండోది సంస్థల మెయిల్. చాలా సేవాసంస్థలు ఒక కార్యదర్శి సొంత మెయిల్‌తో నడుస్తాయి, పాస్‌వర్డ్ నలుగురికి తెలిసి ఉంటుంది. అర్హత ఉన్న రిజిస్టర్డ్ సేవాసంస్థలకు గూగుల్ తన సంస్థాగత మెయిల్ సేవను ఉచితంగా ఇస్తుంది. దాన్ని నిర్వహించే వ్యక్తి భద్రతా విభాగంలో పొట్టి లింకుల వెనుక ఏముందో చూడమని, నమ్మకంలేని సైట్ల లింకు నొక్కితే హెచ్చరించమని ఆదేశాలు పెట్టవచ్చు. మైక్రోసాఫ్ట్ సేవ వాడేవారు తమ ప్లానులో సేఫ్ లింక్స్ ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

మూడోది పాస్‌వర్డ్‌కు తోడుగా రెండో తాళం. ఓటీపీ ఉంటే మేలే, కానీ దొంగ పేజీ ఓటీపీని కూడా అడిగి అదే నిమిషంలో వాడుకోగలదు. అంతకంటే గట్టిది పాస్‌కీ, లేదా చిన్న యూఎస్‌బీ పరికరంగా దొరికే సెక్యూరిటీ కీ. ఇది అసలు సైటు చిరునామాకే ముడిపడి ఉంటుంది కనుక మనం మోసపోయినా అది మోసపోదు. గూగుల్ 2017 తొలినాళ్ల నుంచి తన 85 వేల మందికి పైగా ఉద్యోగులకు ఇలాంటి కీలను తప్పనిసరి చేసింది. ఆ తర్వాత ఏ ఉద్యోగి పని అకౌంటూ ఫిషింగ్‌కు చిక్కలేదని 2018లో ప్రకటించింది.

నాలుగోది బ్యాంకుల కొత్త చిరునామా. భారతీయ బ్యాంకులు తమ సైట్లను ‘బ్యాంక్ డాట్ ఇన్’ అనే ప్రత్యేక డొమైన్ కిందికి 2025 అక్టోబరు 31లోగా మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఈ పేర్లను కేటాయించే బాధ్యత మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థది. బ్యాంకులకు తప్ప ఇతరులకు ఆ పేరు ఇవ్వరు. బ్యాంకు పేరుతో లింకు వస్తే కుడి చివర ‘బ్యాంక్ డాట్ ఇన్’ ఉందో లేదో ఇంట్లో పిల్లవాడు కూడా చూసి చెప్పగలడు. అయినా బ్యాంకు సైటుకు మెయిల్‌లోని లింకు ద్వారా వెళ్లకుండా చిరునామా మనమే టైపు చేసుకోవడం ఇంకా మంచిది.

నొక్కేశాక ఏం చేయాలి?

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. సిగ్గుపడి దాచుకుంటే నష్టం పెరుగుతుంది. లింకు నొక్కి ఏమీ టైపు చేయకపోతే పేజీ మూసేసి, డౌన్‌లోడ్ అయిన ఫైలు ఉంటే తెరవకుండా తీసేయండి. పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే వేరే ఫోను నుంచి వెంటనే మార్చండి. అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడారో అక్కడా మార్చండి.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు తప్పక చూడాలి. మన మెయిల్స్ నకలు తమకు వచ్చేలా, దాతల జవాబులు మనకు కనబడకుండా నేరుగా చెత్తబుట్టలోకి పోయేలా దొంగలు అక్కడ ఏర్పాటు చేసి పెడతారు. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఏర్పాటు అలాగే ఉంటుంది. పెద్దాయన మెయిల్‌లో సరిగ్గా అలాంటి ఫిల్టర్ ఒకటి దొరికింది. కొందరు దాతలు అకౌంటు గురించి అడుగుతూ రాసిన జవాబులు ఆయన కంటపడకుండా అందులోకే పోయాయి.

డబ్బు పోయినట్టయితే బ్యాంకుకు, ఆ వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైటులోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఇక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే. డబ్బు ఒక అకౌంటు నుంచి మరో అకౌంటుకు దాటిపోకముందే చెబితే నిలిపివేసే అవకాశం ఉంటుంది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తన రహస్య వివరాలు తానే ఇచ్చినందువల్ల పోయిన సొమ్ము బ్యాంకుకు చెప్పేదాకా అతని నష్టమే. చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. ఇతరుల పేరుతో కంప్యూటర్ ద్వారా మోసగించడం ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం.

ముగింపు

సేవాసంస్థల మెయిల్ బాక్సులో ఏముంటుంది? స్కాలర్‌షిప్ కోసం పిల్లలు పంపిన ఆధార్ నకళ్లు, వైద్య సహాయం కోరిన కుటుంబాల ఆసుపత్రి కాగితాలు, పేరు బయటికి రాకూడదని ఇచ్చిన దాతల వివరాలు. ఇవన్నీ మన దగ్గర ఉన్న అమానత్. బీరువాకు తాళం వేసినంత శ్రద్ధ ఈ బాక్సుకూ అవసరం. యంత్రం నొక్కే క్షణంలో చిరునామాను పరీక్షిస్తుంది. దానికి అందని వాటి కోసం మనం ఒక్క క్షణం ఆగాలి.

ఆ పెద్దాయన ఇప్పటికీ లెక్కలు చూస్తున్నారు. దాతలందరికీ ఆయన స్వయంగా ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పారు. ఆ తర్వాత ఆయన మీద నమ్మకం తగ్గలేదు సరికదా, పెరిగింది. ఆయన బల్ల ముందు గోడ మీద తన చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది. “నిన్న చూసింది నిన్నటికే. ఇప్పుడు మళ్లీ చూడు.”

ఇంటిల్లిపాదీ కలిసి చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. అటాచ్‌మెంటుకూ లింకుకూ ఉన్న తేడా ఏమిటి? లింకును ఒకసారి పరీక్షిస్తే ఎందుకు చాలదు?
2. ఈ రోజు మీకు వచ్చిన ఏదైనా ఒక మెయిల్ తీసుకుని, అందులోని లింకును నొక్కకుండా దాని అసలు యజమాని ఎవరో కుడి నుంచి చదివి చెప్పగలరా?
3. తాళం గుర్తు ఏం చెబుతుంది, ఏం చెప్పదు?
4. మీ మెయిల్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్ల సెట్టింగ్స్ చివరిసారి ఎప్పుడు చూశారు?
5. “మా అకౌంటు మారింది” అని తెలిసినవారి నుంచి మెయిల్ వస్తే మీరు ముందుగా ఏ నంబరుకు ఫోన్ చేస్తారు?